విటమిన్ డ్రిప్‌లు: మెనూలో ఏది పనికొస్తుంది, ఏది దండగ

జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా స్కిన్ క్లినిక్‌లు, వెల్‌నెస్ సెంటర్లు ఇప్పుడు విటమిన్ సెలైన్‌ని టిఫిన్ల మెనూలా కార్డు వేసి చేతికిస్తున్నాయి. ఎనర్జీ, ఇమ్యూనిటీ, గ్లో, హెయిర్, హ్యాంగోవర్ అని పేర్లు కొత్తవేగానీ సరుకు పాతదే. పల్లెల్లో నీరసంగా ఉందంటే ఆర్‌ఎంపీ ఎక్కించే పసుపు సెలైన్‌లోనూ ఉండేది ఇవే విటమిన్లు. ఇక్కడ అదనంగా ఏసీ, సోఫా, వేలల్లో బిల్లు, ‘డాక్టర్ పర్యవేక్షణలో’ అన్న బోర్డు. ఆ చివరి మాట నిజమైన చోట మాత్రమే ఈ సేవ గురించి మాట్లాడుకోవచ్చు.

ఎనర్జీ డ్రిప్‌కి మూలం అమెరికాలో బాల్టిమోర్ డాక్టర్ జాన్ మైయర్స్ వాడిన మిశ్రమం. 1984లో ఆయన పోయాక అలన్ గేబీ అనే డాక్టర్ దాన్ని కొనసాగించి, 2002లో తన ఫార్ములా అచ్చువేశారు. అందులో ఉండేవి మెగ్నీషియం, కాల్షియం, బి-కాంప్లెక్స్, బి5, బి6, బి12, విటమిన్ సి. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా దీర్ఘకాలం నొప్పులుండే జబ్బు) ఉన్న 34 మంది మీద దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి ఈ మిశ్రమం, మిగతా సగానికి విటమిన్లేవీ లేని ఉత్త రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించారు. రెండు జట్లకూ నొప్పులు తగ్గాయి, రెండింటి మధ్య లెక్కకు నిలిచే తేడా మాత్రం రాలేదు. డ్రిప్ తర్వాత హుషారుగా అనిపించడం అబద్ధం కాదు. గంటసేపు పడుకోవడం, అర లీటరు నీరు ఒంట్లోకి వెళ్లడం కూడా అందులో భాగమే. రెండు గంటల్లో మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తే కంగారు పడొద్దు, అది శరీరం వద్దనుకున్న రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బి2. కొన్నదాంట్లో కొంత అలా పోతుంది.

ఇమ్యూనిటీ డ్రిప్ అంటే ప్రధానంగా విటమిన్ సి. నోటితో ఎంత మింగినా పేగు ఒక హద్దు దాటి పీల్చుకోదు, సూదితో ఇస్తే రక్తంలో మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంతవరకు నిజం. పెరిగినదాన్ని కిడ్నీలు కొన్ని గంటల్లోనే బయటికి తోసేస్తాయన్నదీ అంతే నిజం. ఒకటి రెండు గ్రాములైతే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. పది గ్రాములు, ఆపైన అన్నారంటే ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు అడగాలి. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కిడ్నీ బలహీనంగా ఉంటే విటమిన్ సి నుంచి తయారయ్యే ఆక్సలేట్ పేరుకుని ఆ కిడ్నీ ఇంకా పాడవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు మరో చిక్కు: పెద్ద మోతాదు తర్వాత కొన్ని గ్లూకోమీటర్లు లేని షుగర్‌ని చూపిస్తాయి. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

గ్లో డ్రిప్‌లో ఉండేది గ్లూటాథయోన్, మన కణాల్లోనూ తయారయ్యే యాంటీఆక్సిడెంట్. రంగు తేలడానికి దీన్ని నరంలోకి ఎక్కించడం మా లెక్కలో పూర్తి దండగ, పైగా ప్రమాదం. ఫిలిప్పీన్స్ ఎఫ్‌డీఏ 2011లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది, చర్మం ఊడిపోయేంత తీవ్రమైన రియాక్షన్ల ప్రస్తావన అందులో ఉంది. హెయిర్ డ్రిప్‌లోని బయోటిన్ (విటమిన్ బి7) వల్ల జుట్టు సంగతి ఎలా ఉన్నా థైరాయిడ్ రిపోర్టు తారుమారవుతుంది. కొన్ని ల్యాబ్‌ల మెషిన్లలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా వస్తాయి. గుండెపోటు నిర్ధారణకు చూసే ట్రోపోనిన్ తగ్గి కనిపించవచ్చు. రక్త పరీక్ష ఉంటే కనీసం రెండు రోజులు ఎడం ఉంచి, బయోటిన్ తీసుకున్న సంగతి ల్యాబ్‌లో చెప్పాలి.

డబ్బు పెట్టదగినది ఈ కార్డు మీద సాధారణంగా కనిపించదు. అది ఐరన్. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే అంకె) పడిపోయి, మాత్రలు కడుపుకి పడక, లేదా నెలసరిలో అధిక రక్తస్రావంతో హిమోగ్లోబిన్ 8 దగ్గర ఆగిపోయినవాళ్లకు ఇది అసలైన వైద్యం. ఎంత కావాలో లెక్క ఉంది: కిలోల్లో బరువును, హిమోగ్లోబిన్ ఎంత పెరగాలో ఆ తేడాతో, తర్వాత 2.4తో హెచ్చవేసి, నిల్వ కోసం 500 కలపాలి. 60 కిలోల మనిషికి 8 నుంచి 15కి తేవాలంటే సుమారు 1,500 మి.గ్రా. నరంలోకి ఇచ్చే ఐరన్‌లో రకాలున్నాయి. ఐరన్ సుక్రోజ్ అయితే సిట్టింగ్‌కి 200 మి.గ్రా. చొప్పున ఎనిమిది సార్లు తిరగాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒక్కసారికి 1,000 మి.గ్రా. దాకా, 250 మి.లీ. మించని నార్మల్ సెలైన్‌లో, కనీసం 15 నిమిషాల పాటు ఇస్తారు. మిగతాది వారం తర్వాత. గ్లూకోజ్ సీసాలో కలపకూడదు. అయ్యాక అరగంట కూర్చోబెట్టకుండా పంపేసే క్లినిక్‌కి రెండోసారి వెళ్లనక్కర్లేదు. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో ఇవ్వరు.

ఐరన్ ఎక్కేటప్పుడు కొందరికి ముఖం ఎర్రబడి, ఛాతీ బిగుసుకుని, నడుము పట్టేస్తుంది. బీపీ నిలకడగా ఉండి, దద్దుర్లు, ఆయాసం లేకపోతే డ్రిప్ ఆపి పావుగంట చూస్తే చాలావరకు తగ్గిపోతుంది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు. మన దగ్గర వెంటనే ఎవిల్ అనే అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చే అలవాటుంది. దాంతో మగత, కొన్నిసార్లు బీపీ పడిపోవడం వచ్చి చిన్న విషయం పెద్ద రియాక్షన్‌లా కనిపిస్తుంది. నిజంగానే అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ) అయితే మందు ఎవిల్ కాదు, తొడ కండలోకి అడ్రినలిన్ 0.5 మి.గ్రా. అది ట్రేలో ఉందా, ఆక్సిజన్ సిలిండర్ పనిచేస్తోందా, డాక్టర్ అదే అంతస్తులో ఉన్నారా అన్నవి కూర్చోకముందే అడగండి. మొహమాటం వద్దు. విటమిన్లలో బి1కి కూడా, అరుదుగానే అయినా, ఇలాంటి రియాక్షన్ రావచ్చు. ఇంటికొచ్చి ఎక్కించే సర్వీసుల్ని మేం సిఫారసు చేయనిది ఇందుకే.

సీసా మీ ఎదుటే తెరవాలి, ఆంప్యూల్స్ మీ ఎదుటే విరగ్గొట్టాలి. కలిపిన మందు, మోతాదు, టైమ్ రాసిన లేబుల్ సీసాకి అంటించాలి. పొద్దున్నే పది సీసాలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టే చోట ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. బి2, సి విటమిన్లు వెలుతురుకి పాడవుతాయి కాబట్టి సీసాకి తొడుగు ఉంటే మంచి గుర్తు.

ఇక వేగం. చాలా డ్రిప్ సెట్లకు మిల్లీలీటరుకి 20 చుక్కలు. 250 మి.లీ. గంటలో పోవాలంటే నిమిషానికి 83 చుక్కలు. లంచ్ బ్రేక్‌లో 500 మి.లీ. అయిపోవాలంటే అది చుక్క కాదు, ధార. మెగ్నీషియం ఆ వేగంతో వెళ్తే ఒళ్లంతా వేడెక్కి బీపీ పడిపోతుంది. గుండె నీరసంగా ఉన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఈ నీరే బరువు. వాళ్లు తమ స్పెషలిస్ట్ చెప్తే తప్ప ఈ కుర్చీలో కూర్చోకూడదు.

ముంజేతికి నీలం రంగు 22 సైజు క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) చాలు. సూది చుట్టూ చల్లగా ఉబ్బితే మందు నరం బయటికి పోతున్నట్టే, వెంటనే ఆపించాలి. ఐరన్ అలా కారితే పడే గోధుమరంగు మచ్చ ఏళ్ల తరబడి, ఒక్కోసారి ఎప్పటికీ పోదు. క్యాన్యులా తీశాక రెండు మూడు నిమిషాలు గట్టిగా అదిమి ఉంచాలి, చెయ్యి మడవకూడదు. మర్నాడు నరం తాడులా గట్టిపడి ఎర్రబడితే వేడి కాపడం పెట్టి డాక్టర్‌కి చూపించాలి. చలి జ్వరం వస్తే మాత్రం క్లినిక్‌కి ఫోన్ చేసి ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఆంప్యూల్ పేర్లు, బ్యాచ్ నంబర్లు ఉన్న బిల్లు వెంట తీసుకుని.