ఎటిమోలోగీబాంక్ సైట్ రివ్యూ: డచ్ కోర్టు మాట 'ఖెడింగ్' ఎక్కడి నుంచి వచ్చింది

గచ్చిబౌలిలో డచ్ క్లయింట్ల కాంట్రాక్టులు చదివే పని నాది, వాటిల్లో 'కోర్ట్ ఖెడింగ్' అని తరచూ తగులుతుంది, అర్జెంటు గొడవల్లో జడ్జి త్వరగా తాత్కాలిక ఆర్డర్ ఇచ్చే విచారణ అన్నమాట. (ఇక్కడ కోర్ట్ అంటే మన కోర్టు కాదండోయ్, పొట్టి అని.) ఖెడింగ్ అంటే దావా. ఈ మాట పుట్టుక కోసం నేను వాడేది ఎటిమోలోగీబాంక్. పూర్తిగా ఫ్రీ, 2010లో నికోలిన్ వాన్ డెర్ సైస్ అనే భాషావేత్త తెచ్చారు. మాట కొడితే 1912 నాటి పాత నిఘంటువు దగ్గర్నుంచి 2003-2009 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చిన కొత్తదాని దాకా ఎవరేమన్నారో ఒకే పేజీలో వరసగా వస్తుంది, నాకు బాగా నచ్చింది ఇదే, ఒక్కరి మాట నమ్మి కూర్చోనక్కర్లేదు.

ఖెడింగ్‌లో ఉన్నది 'డింగ్', ఇవాళ డచ్‌లో దానర్థం వస్తువు. కానీ పాతకాలంలో డింగ్ అంటే జనం కూడి తగువులు తీర్చే సభ! సభ నుంచి అక్కడికొచ్చిన తగువుకి, తగువు నుంచి ఏ విషయానికైనా, చివరికి వస్తువుకి జారింది. ఇంగ్లీషు 'థింగ్' కూడా ఇదే, ఐస్‌లాండ్ పార్లమెంటుని ఇప్పటికీ ఆల్థింగి అనే అంటారు. లాటిన్‌లో కేసుకి వాడిన 'కౌసా' ఫ్రెంచిలోకొచ్చేసరికి 'షోజ్', అంటే వస్తువు, అయింది. మన 'వ్యవహారం' చూడండి, యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయం అంటే దావాల గురించే, మనమేమో ఇంట్లో ఏ సంగతికైనా "ఆ వ్యవహారం ఏమైంది" అంటాం.

ఇంకో మాట 'వెర్‌డేడిఖెన్', అంటే వాదించి కాపాడటం, లాయర్లు చేసే పని. చూస్తే డింగ్ ఎక్కడా కనపడదు కానీ లోపల 'డాగ్+డింగ్' ఉంది, డాగ్ అంటే రోజు, విచారణకి పెట్టిన రోజు, మన వాయిదా అనుకోండి. మంగళవారానికి వాళ్ళు చెప్పే 'డిన్స్‌డాగ్' కూడా ఇక్కడికే వస్తుంది, ఆ రోజుకి పేరు ఈ సభ దేవుడి మీదే వచ్చింది, ఆయన్ని మార్స్ థింక్సస్ అని పిలుస్తూ బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ దగ్గర రోమన్ల కాలం నాటి శాసనం దొరికింది. ఇది చదివిన రోజు నాకు పని మీద ధ్యాసే లేదు.

ఇబ్బంది ఒకటే, సైటంతా డచ్‌లోనే, పైగా నిఘంటువుల పొట్టి రాతలు. బ్రౌజర్ ట్రాన్స్‌లేట్ వాటిని పాడు చేస్తుంది, అందుకే 'ఎంఎన్ఎల్' అంటే మధ్యకాలపు డచ్, 'ఓహెచ్‌డి' అంటే పాత హై జర్మన్ అని ముందే రాసి పెట్టుకోండి. లా చదివేవాళ్ళయితే తర్వాత 'వొన్నిస్' కొట్టి చూడండి, తీర్పు అని అర్థం, 'కనుక్కోవడం' అనే క్రియ నుంచి వచ్చింది.