చార్మినార్ పక్కన చాయా, ఫలక్‌నుమాలో భోజనమా?

హైదరాబాద్ పాతబస్తీ చూపించమని చుట్టాలు అడిగితే ముందు నిమ్రా కేఫ్‌కే తీసుకెళ్తాను. చార్మినార్‌ని ఆనుకునే ఉంటుంది. పొద్దున్నే వెళ్తే ఉస్మానియా బిస్కెట్లు ట్రేలో వేడివేడిగా వస్తాయి. ఇరానీ చాయ్‌లో ముంచి, రెండు లెక్కపెట్టేలోపే నోట్లో పెట్టుకోవాలి, లేదంటే మెత్తబడి కప్పు అడుక్కి జారిపోతుంది. ఉప్పూ తీపీ కలిసిన ఆ రుచంటే నాకు ప్రాణం.

ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని 'అదా' రెస్టారెంట్ సంగతి వేరు. 2010లో హోటల్‌గా తెరిచిన ఆ నిజాం కాలపు భవనంలో 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది. ముందే బుక్ చేసుకోవాలి, బిల్లు వేలల్లో అవుతుంది. హైదరాబాదీ వంటలు తీరిగ్గా తినొచ్చు. పెళ్లిరోజుకి తప్పకుండా వెళ్లండి. చేతిలో ఒక్క పూటే ఉంటే మాత్రం నిమ్రాకే, అదీ జనం పెరగకముందే.