ఏడేళ్లుగా స్టేషన్ కుళాయిల దగ్గరే బాటిల్ నింపుకుంటున్నాను: నా అనుభవం

నీళ్ల బాటిల్ కొనకుండా రైలు, బస్సు ప్రయాణాలు చేయొచ్చా అని ఎవరైనా అడిగితే, చేయొచ్చు అనే చెబుతాను. 2018 నుంచి నేను చేస్తున్నది అదే. కాకపోతే స్టేషన్‌లో నీళ్లు ఉండటం వేరు, బాటిల్ పట్టుకుని వెళ్లినవాళ్లకు ఆ నీళ్లు దక్కడం వేరు. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది అదే.

టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఇల్లు విజయవాడ. వారంలో రెండు మూడు రోజులు ప్రయాణంలోనే ఉంటాను. ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కాజీపేట, ఒక్కోసారి పెద్దపల్లి దాకా. ఇటువైపు గుంటూరు, ఒంగోలు. 2018లో కిడ్నీలో రాయి వచ్చింది. ఆ నొప్పి పడినవాళ్లకే తెలుస్తుంది. డాక్టరు గారు మందులు రాయకముందే, "రోజుకు ఎన్ని నీళ్లు తాగుతావమ్మా?" అని అడిగారు. లెక్క వేసుకుంటే నాకే భయం వేసింది. ప్రయాణం ఉన్న రోజు పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక గ్లాసు. అంతే. రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగాలన్నారు. ఆ వారమే లీటరు పట్టే స్టీలు బాటిల్ కొన్నాను. ఇప్పటికీ అదే నా బ్యాగులో ఉంది.

నేను తాగనిది నీళ్లు దొరక్క కాదు, బాత్రూమ్ భయంతో. మా ఆడవాళ్లలో చాలామంది ఇంతే. బస్సెక్కే ముందు గొంతు తడుపుకుని ఆపేస్తాం. ఎక్కడ ఆపుతారో, ఆపిన చోట బాత్రూమ్ ఎలా ఉంటుందో అన్న టెన్షన్. నాతో తిరిగే టీచర్లలో యూరిన్ ఇన్ఫెక్షన్ రాని ఆడవాళ్లు తక్కువ. అందుకే స్టేషన్‌లో తాగునీటి పాయింట్ పెట్టేవాళ్లు దాన్ని, శుభ్రమైన బాత్రూమ్‌ను ఒకే వసతిగా చూడాలంటాను. ఒకటి ఉండి రెండోది లేకపోతే మొదటిదాని దగ్గరకు మేము వెళ్లం.

ఇక కుళాయిల సంగతి. తాగునీటి కుళాయిలు రైల్వే కనీస వసతుల జాబితాలో ఉన్నాయి, చిన్న స్టేషన్‌లో కూడా ఒకటి రెండు కనిపిస్తాయి. పెద్ద స్టేషన్లలో చల్లటి నీళ్ల కూలర్లు కూడా ఉంటాయి. కానీ ఈ కూలర్లలో చాలావాటిని గ్లాసుతో తాగేవాళ్ల కోసం చేశారు. గొలుసు కట్టిన స్టీలు గ్లాసు పట్టేంత ఖాళీయే ఉంటుంది, కుళాయికీ కింద పళ్లేనికీ మధ్య. లీటరు బాటిల్ నిలువుగా పట్టదు. ఏటవాలుగా పెడితే సగం నిండగానే మూతి దగ్గర నుంచి నీళ్లు కారిపోతాయి. దానికి తోడు నొక్కి పట్టుకుంటేనే వచ్చే కుళాయి. ఒక చేత్తో నొక్కాలి, ఒక చేత్తో బాటిల్ పట్టుకోవాలి, బ్యాగు భుజం మీద నుంచి జారుతుంటుంది, వెనక నలుగురు నిలబడి ఉంటారు. చంకలో బిడ్డ ఉన్న తల్లి ఆ బాటిల్ ఎలా నింపుకుంటుంది? నింపుకోలేదు. పక్కన కొట్లో కొనుక్కుంటుంది. జానెడు ఎత్తు పెంచితే తీరిపోయే విషయం ఇది. ఇప్పుడు కొన్నిచోట్ల కొత్తగా పెడుతున్న వాటిలో బాటిల్ కోసం పైన వేరే కుళాయి ఉంటోంది. అలాంటిది కనబడితే నిజంగా సంతోషం వేస్తుంది.

డబ్బులిచ్చి పట్టుకునే మిషన్లంటే మాత్రం నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఐఆర్‌సీటీసీ ద్వారా రైల్వే స్టేషన్లలో వచ్చిన ఆ నీళ్ల మిషన్ల ధరలు నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి. అప్పట్లో మన బాటిల్‌లో పట్టుకుంటే గ్లాసుడు నీళ్లు రూపాయి, అర లీటరు మూడు, లీటరు ఐదు, రెండు లీటర్లు ఎనిమిది, ఐదు లీటర్ల క్యాన్ ఇరవై రూపాయలు. వాళ్లే బాటిల్ ఇస్తే లీటరు ఎనిమిది. అదే ప్లాట్‌ఫామ్ మీద రైల్వే వాళ్ల సొంత రైల్ నీర్ లీటరు బాటిల్ చాలాకాలం 15 రూపాయలు ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 14 అయింది. నేను బయట వారానికి నాలుగు లీటర్లు తాగుతాననుకున్నా ఏడాదికి రెండు వందల లీటర్ల పైమాట. కొంటే మూడు వేల దాకా అవుతుంది, ఆ మిషన్ ధరకైతే వెయ్యి చిల్లర. రెండు వందల ఖాళీ బాటిళ్లు పట్టాల పక్కన పడకుండా ఆగాయన్నది నాకు డబ్బు కంటే ఎక్కువ.

ఆ మిషన్లు బాగా నడిచిన రోజుల్లో వాటి దగ్గర ఒక మనిషి ఉండేవాడు. నేను తరచూ దిగే ఒక స్టేషన్‌లో ఇరవై ఏళ్ల కుర్రాడు కూర్చునేవాడు. రైలు ఆగకముందే లేచి నిలబడేవాడు. కిటికీలోంచి చేతులు చాచినవాళ్ల బాటిళ్లు తీసుకుని, నింపి, పరుగున తెచ్చి ఇచ్చేవాడు. నన్ను చూడగానే "మేడమ్, లీటరేనా?" అనేవాడు. చిల్లర లేకపోతే "రేపు ఇద్దురులెండి" అనేవాడు. 2020లో కరోనాకు అన్నీ ఆగిపోయాయి. రైళ్లు మళ్లీ మొదలయ్యాక వెళ్లి చూస్తే మిషన్ ఉంది, కరెంటు లేదు, అతను లేడు. దాని మీద సమోసాల ట్రేలు పెట్టుకున్నారు. తర్వాత ఇంకో స్టేషన్‌లో నాణెం వేసే మిషన్ చూశాను. నా ఐదు రూపాయల బిళ్ల మింగేసి ఊరుకుంది. అడుగుదామంటే మనిషి లేడు, రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఐదు రూపాయలు పోతే పోయాయి, కానీ ఆ రోజు నా తర్వాత వచ్చిన ముసలాయన కూడా బిళ్ల వేశాడు. వద్దని చెప్పేలోపే వేసేశాడు. నీళ్లు రాని కుళాయి కంటే డబ్బులు తీసుకుని నీళ్లివ్వని మిషన్ ఎక్కువ బాధపెడుతుంది. ఇప్పుడు ఫోన్‌తో స్కాన్ చేసే మిషన్లు వస్తున్నాయి, చిల్లర గొడవ లేదు. అయినా పక్కన మనిషి ఉండాలన్నదే నా మాట.

"ఆ నీళ్లు మంచివేనా?" అని మా అక్క ప్రతిసారీ అడుగుతుంది. నేను కొన్నాళ్లు పెన్నులా ఉండే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు వెంట తీసుకెళ్లాను. ఆర్వో మిషన్ నీళ్లలో అంకె వందలోపే ఉండేది, మామూలు కుళాయిలో మూడు వందలు, నాలుగు వందలు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఈ అంకె లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఇబ్బంది లేదు. ఆ మీటరు నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చెబుతుందంతే. క్రిములున్నాయో లేదో చెప్పదు. ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు. నల్గొండ వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు, తేటగా కనిపించిన నీళ్లే అక్కడ ఎముకలు వంచాయి. అందుకని మీటరు ఇంట్లో పెట్టేశాను. ఇప్పుడు నేను చూసేది ట్యాంకు కడిగిన తేదీ. కొన్ని కూలర్ల మీద రాసిన కాగితం అతికిస్తారు. తేదీ ఈ నెలదైతే ధైర్యంగా పట్టుకుంటాను. ఇంకో విషయం, కుళాయి నీళ్లలో లేత బ్లీచింగ్ వాసన వస్తే చాలామంది పారబోస్తారు. ఆ వాసన క్రిములను చంపే క్లోరిన్‌ది. కుళాయి దాకా వచ్చిన నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణమే చెబుతోంది. ఆర్వో నీళ్లలో ఆ కాపలా ఉండదు. అందుకే ఆర్వో నీళ్లు పట్టుకున్న బాటిల్‌ను కడగకుండా రోజుల తరబడి వాడకూడదు. నీళ్ల వల్ల నాకు ఈ ఏడేళ్లలో రెండుసార్లు కడుపు పాడైంది. రెండోసారి తప్పు నా బాటిల్ మూతలో ఉన్న రబ్బరు వాషర్‌ది. తీసి చూస్తే లోపల నల్లగా బూజు.

నన్ను అన్నిటికంటే కలచివేసే విషయం ఇప్పుడు చెబుతాను. కుళాయి ఉండే చోటు. దారిలో చాలా స్టేషన్లలో రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. కుళాయిలు, కూలర్లు ప్లాట్‌ఫామ్ మధ్యలో, రేకులు వేసిన చోట ఉంటాయి. రిజర్వేషన్ బోగీలు ఆ దగ్గర్లో ఆగుతాయి. జనరల్ బోగీలు రైలుకు ముందొకవైపు, వెనకొకవైపు. అవి ఆగే చోట చాలా స్టేషన్లలో నీడ కూడా ఉండదు. అంటే ఉచితంగా నీళ్లు ఎవరికి అందాలో వాళ్లకే కుళాయి అందరికంటే దూరం.

రెండేళ్ల కిందట మే నెలలో నా రైలు తప్పిపోయి తర్వాతి దాన్లో జనరల్ బోగీ ఎక్కాను. నిలబడే చోటు కూడా కష్టంగా ఉంది. కిటికీ దగ్గర ఒకమ్మాయి, ఒళ్లో రెండేళ్ల పిల్లాడు. వాడు నీళ్ల కోసం ఏడుస్తున్నాడు. స్టేషన్ రాగానే ఖాళీ బాటిల్ కిటికీలోంచి చాచి, ప్లాట్‌ఫామ్ మీద వెళ్లేవాళ్లను "అన్నా, కొంచెం పట్టిస్తావా" అని అడిగింది. ఒకాయన తీసుకుని పరుగెత్తాడు కూడా. ఆయన కుళాయి దగ్గరకు చేరేసరికి రైలు కదిలింది. బాటిల్ అక్కడే ఉండిపోయింది, ఆయన చేతిలో. నా దగ్గరున్న నీళ్లు ఆ పిల్లాడికి తాగించాను. "పర్లేదక్కా, మీకూ కావాలిగా" అంటూనే ఆ పిల్ల మూతతో రెండు గుక్కలు తాగింది. ఆ రోజు నుంచి రెండు బాటిళ్లు పెట్టుకుంటున్నాను.

బస్టాండ్ల పరిస్థితి వేరు. అక్కడ బస్సు ఐదు పది నిమిషాలు ఆగుతుంది కాబట్టి టైము సమస్య తక్కువ. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక బస్టాండ్లలో జనం ఎంత పెరిగారో నేను కళ్లారా చూస్తున్నాను. కూలీ పనులకు, ఆసుపత్రులకు, పిల్లల కాలేజీలకు ఎంతమంది కదులుతున్నారో. కుళాయిలు మాత్రం నేను చూసిన చాలాచోట్ల ఆ పాతవే ఉన్నాయి. ఉచిత టికెట్టుతో వచ్చిన తల్లి డబ్బులు పెట్టి నీళ్లు కొనుక్కోవాల్సి రావడం నాకు మనసొప్పదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో పైన ట్యాంకు ఎండకు కాగి, కుళాయి నీళ్లు స్నానానికి పెట్టినట్టు వస్తాయి. అప్పుడు ఆదుకునేవి చలివేంద్రాలే. ఎర్రగుడ్డ చుట్టిన కుండలు, తాటాకు పందిరి, పక్కన ఒక పెద్దాయన. కొన్నిచోట్ల మజ్జిగ కూడా పోస్తారు. దాహం వేసినవాడికి నీళ్లు అమ్మకూడదన్న మాట మన ఊళ్లలో ఇంకా ఉంది. మా తాతయ్య ప్రయాణమంటే ఇత్తడి మరచెంబు లేకుండా గడప దాటేవారు కాదు. దాని బిగింపు మూత తీసి, స్టేషన్‌లో దిగి నింపుకుని, చుట్టుపక్కల అందరికీ పోసేవారని అమ్మ చెబుతుంది. నా స్టీలు బాటిల్ అలాంటిదే అనుకుంటాను.

మనవైపు తప్పు కూడా ఉంది. తాగునీటి కుళాయి కింద టిఫిన్ బాక్సులు కడుగుతారు, ముఖం కడుక్కుంటారు, గుట్కా ఉమ్ముతారు. మెతుకులు అడ్డుపడి నీళ్లు నిలబడిన కుళాయి దగ్గర బాటిల్ నింపుకోవడానికి ఎవరికి మనసొస్తుంది? చేతులు కడుక్కోవడానికి వేరే కుళాయి పెట్టిన స్టేషన్లలో ఈ బాధ చాలా తగ్గింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా. వెడల్పు మూతి బాటిల్ కొనండి, లోపలికి చెయ్యి పోవాలి. వారానికోసారి గుప్పెడు బియ్యం, కాస్త ఉప్పు, వేడినీళ్లు వేసి గట్టిగా ఊపి కడగండి, మూత వాషర్ ఊడదీసి ఎండబెట్టండి. రైలు ఎక్కకముందే నింపుకోండి, దారిలో దొరుకుతాయిలే అనుకోవద్దు. కొన్న ప్లాస్టిక్ బాటిల్‌నే నెలల తరబడి నింపుకుంటూ తిరగొద్దు.

ఈ మధ్య నేను వెళ్లే ఒక చిన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ చివర, సరిగ్గా జనరల్ బోగీలు ఆగే చోట, కొత్త కుళాయిల వరస కట్టారు. రెండు ఎత్తుగా, బాటిళ్లకు. ఒకటి పిల్లలకు అందేలా కిందకు. నొక్కి పట్టుకోనక్కర్లేదు, తిప్పితే ధారగా వస్తాయి. నా బాటిల్ ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు నిండింది. అక్కడ ఊడ్చే పెద్దామె పొద్దున్నే ఆ చుట్టూ కడిగి ముగ్గుపిండి చల్లినట్టు బ్లీచింగ్ చల్లుతుంది. మొన్న నేను బాటిల్ మూతి దగ్గర వాసన చూస్తుంటే, "వాసనకు భయపడకు తల్లీ, రాత్రే ట్యాంకు కడిగిచ్చినం. నేను గూడ గదే తాగుత" అంది. ఇద్దరం అక్కడే నిలబడి చెరో గ్లాసుడు తాగాం.