పాత ఫ్యాను వీడియో చూసి కొనేవాళ్లు జాగ్రత్త, నాలాగా తెలివి ప్రదర్శించకండి

దాళ్వా ధాన్యం తూర్పారబట్టడానికి పాత ఫ్యాను ఒకటి కొన్నాను. తణుకు వైపు ఆ ఇనుప సామాన్ల కొట్టాయన మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. వీడియో పంపాడు, 6,500 రూపాయలు ఫోనులోనే కట్టేశాను. సరుకు నిన్న రామచంద్రపురం చేరింది. స్విచ్ వేయగానే స్టాండుతో సహా కళ్లంలో నడవడం మొదలుపెట్టింది! ఆపి చూస్తే అయిదు రెక్కల్లో ఒకటి మొదట్లోనే వంగి ఉంది, వెల్డింగు దగ్గర వెంట్రుకంత పగులు.

ఫోను చేస్తే ఎంత నిదానంగా అన్నాడనుకున్నారు: "అయ్యా, రెక్కలు వంకరగా ఉన్నాయేమిటని అడిగింది మీరే. అది కెమెరా మాయ అన్నదీ మీరే. నేను అవునన్నాను, అంతే కదండీ!"

నిజమే. ఒళ్లు మండేది అందుకే. మోటారు నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24. అయిదు రెక్కలు కాబట్టి ఒక చోటును సెకనుకు 120 రెక్కలు దాటుతాయి. ఫోను తీసేది సెకనుకు 30 ఫ్రేములు. రెండు ఫ్రేముల మధ్య నాలుగు రెక్కలు దాటిపోయి, ప్రతిసారీ అదే చోట ఇంకో రెక్క ఉంటుంది. ఫ్యాను దాదాపు ఆగినట్టే కనిపిస్తుంది. పైగా ఫోను సెన్సరు బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది, అందుకే తిరిగే రెక్కలు కొడవళ్లలా వంగుతాయి. ఈ పాఠమంతా ఆయనకు నేనే చెప్పాను. బుద్ధిమంతుడిలా ఊకొడుతూ విన్నాడు.

రాత్రి నిద్ర పట్టక ఆ వీడియోనే ఒక్కో ఫ్రేము ఆపి చూశాను. కెమెరా తెచ్చిన వంకర చోటును బట్టి ఉంటుంది: పైకి ఏ రెక్క వచ్చినా ఒకేలా వంగాలి. కానీ ఒక వంకర మాత్రం ఫ్రేముకో రెక్క చొప్పున వెనక్కి జరుగుతూ (అయిదింట నాలుగు ముందుకంటే, చూపుకు ఒకటి వెనక్కే కదా), అయిదు ఫ్రేములకు మళ్లీ మొదటి చోటికి వస్తోంది. అది ఇనుములో ఉన్న వంకర! కొనకముందు కూడా అక్కడేదో మిణుకుమంది, ఎండ తళుకనుకున్నాను. చప్పుడు విందామంటే వీడియో మీద భక్తి పాట వేశాడు మహానుభావుడు.

ఫ్యాను ఆపి, ఒక్కో రెక్కనూ చేత్తో తిప్పి చూపించమనండి. తిరిగేటప్పటి వీడియోలో పాట లేకుండా చూసుకోండి. మా ధాన్యం తేమ 17 శాతానికి దిగింది, తాలు మాత్రం ఇంకా చేటలతోనే ఎగరేస్తున్నాం.