మోనోపైలా, జాకెట్టా? చేపలకి ఏది బెటర్

సముద్రంలో గాలిమరల పునాదులు ఎక్కువగా రెండు రకాలు, మోనోపైల్ అంటే నేలలోకి దిగ్గొట్టే ఒకటే లావుపాటి స్టీల్ గొట్టం, జాకెట్ అంటే కరెంటు టవర్ లాగా అడ్డకడ్డీలతో కట్టిన ఫ్రేమ్. చేపల సంగతికొస్తే ఉత్త గొట్టం పెద్దగా పనికిరాదు, పైన ఆల్చిప్పలు, కింద సీ అనిమోన్లు (రాళ్లకి అతుక్కుని బతికే పువ్వులాంటి మెత్తటి జీవులు) పడతాయి గానీ నున్నటి గోడకి దాక్కునే సందేది? అసలు మేటర్ అంతా అడుగున, ఇసుక కోసుకుపోకుండా చుట్టూ బండరాళ్లు పోస్తారు చూడండి, పీతలు, కాడ్ చేపలు ఆ సందుల దగ్గరే. డెన్మార్క్‌లో 2002లో 80 టర్బైన్లతో మొదలైన హార్న్స్ రెవ్ 1 అనే గాలిమరల క్షేత్రం కింద ఇసుక నేలే, అయినా రాళ్లని ఇష్టపడే చేపలు వచ్చి చేరాయి.

జాకెట్‌కి చాలాచోట్ల రాళ్లు పొయ్యరు, కానీ పైనుంచి కిందదాకా బోలెడు కడ్డీలు, చేపలు ఫ్రేమ్ లోపలే తిరిగేయొచ్చు. అమెరికాలో 2016 చివర్లో మొదలైన బ్లాక్ ఐలాండ్ గాలిమరల క్షేత్రంలో 5 టర్బైన్లూ జాకెట్ల మీదే, వాటి దగ్గర బ్లాక్ సీ బాస్ అనే చేప బాగా పెరిగింది, కింద నేల మీద కూడా ఆల్చిప్పలు పరుచుకున్నాయి.

నా ఓటు జాకెట్‌కే, రాళ్లు బాగా పోస్తే మోనోపైల్ కూడా తక్కువేం కాదు. కాకపోతే అక్కడే పుట్టి పెరిగిన చేపలెన్ని, పక్కనుంచి వచ్చి చేరినవెన్ని అన్న గొడవ రెండిటికీ ఉంది.