నఫ్-బ్రిజాక్, బిట్ష్: ఒక్క రోజే ఉంటే ఏ కోట ఊరు మేలు?

జర్మనీలో ఫ్రైబుర్గ్‌లోనో, కార్ల్స్‌రూయెలోనో, జార్‌బ్రూకెన్‌లోనో ఉంటున్న మనవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది: సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో ఒక కోట ఊరు చూడాలంటే నఫ్-బ్రిజాక్‌కు వెళ్ళాలా, బిట్ష్‌కా? ఒక్క రోజే చేతిలో ఉంటే నా ఓటు నఫ్-బ్రిజాక్‌కే. అయితే అక్కడికి వెళ్ళి, బజారులో అరగంట తిరిగి, చూడటానికేమీ లేదని వచ్చేసేవాళ్ళూ ఉన్నారు. తప్పు ఊరిది కాదు, నడిచిన దారిది. ఆ దారి ఏమిటో కింద వివరంగా రాస్తున్నాను.

రెండు ఊళ్ళ జాతకమూ ఒకే ఒప్పందంతో మారింది. 1697 రిస్విక్ సంధిలో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ రైన్ నది కుడి ఒడ్డున ఉన్న బ్రైజాక్‌ను వదులుకోవలసి వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి ఎడమ ఒడ్డున మైదానంలో కొత్త కోట ఊరు కట్టే పని తన సైనిక ఇంజనీరు వోబాన్‌కు అప్పగించాడు. అదే నఫ్-బ్రిజాక్, అంటే కొత్త బ్రిజాక్. 1698లో నక్షాలు సిద్ధమయ్యాయి, మరుసటి ఏడు పనులు మొదలయ్యాయి. అదే సంధి ప్రకారం లొరేన్ ప్రాంతాన్ని దాని డ్యూక్‌కు తిరిగి ఇచ్చేయాలి. దాంతో లొరేన్‌లోని బిట్ష్ కొండ మీద 1680ల్లో వోబాన్ కట్టించిన కోటను 1698లో పడగొట్టారు. ఇప్పుడు అక్కడ కనిపించేది 1740ల తర్వాత, 15వ లూయీ కాలంలో, ఇంజనీరు కార్మాంతేన్ నక్షాలతో మళ్ళీ లేచిన కోట.

మన పాత లెక్కలో చెప్పాలంటే బిట్ష్ గిరిదుర్గం, నఫ్-బ్రిజాక్ స్థలదుర్గం. ఎంపికలో నాకు కీలకమైన తేడా ఇదే. బిట్ష్‌లో ఊరు కింద, కోట పైన. ఊళ్ళో ఏ సందులో నిలబడ్డా తలెత్తితే కోట కనిపిస్తుంది, కానీ ఊరూ కోటా వేరువేరు. నఫ్-బ్రిజాక్‌లో ఊరే కోట. ఎనిమిది భుజాల ప్రాకారం లోపల వీధులన్నీ చదరంగం గళ్ళలా ఉంటాయి. నడిమధ్యన ఇళ్ళు కట్టకుండా వదిలేసిన పెద్ద చదరం సైనికుల కవాతు మైదానం. సిపాయిల బారకాసులు ప్రాకారం వెంబడే కట్టారు. సుమారు రెండు వేల మంది ఈనాటికీ ఆ గళ్ళలోనే కాపురముంటున్నారు. మూడు వందల ఏళ్ళ కిందటి సైనిక అవసరం ఇక్కడ వీధి కొలతలోనే ఉంది. దాన్ని చూడటానికి టికెట్ అక్కర్లేదు.

చాలామంది నిరాశపడటానికి కారణం ఆకాశం నుంచి తీసిన ఫొటో. నక్షత్రంలా విచ్చుకున్న ఆ ఆకారం నేల మీద నిలబడితే ఎక్కడా కనిపించదు. కనిపించకూడదనే అలా కట్టారు. ఫిరంగికి గోడ కనబడితే కూలుతుంది. అందుకే రాతిగోడను లోతైన కందకంలో దించి, వెలుపల నేలను మెల్లగా వాలుగా మలిచారు. బయటి నుంచి వచ్చే శత్రువుకు కనిపించేది ఎక్కువగా గడ్డి వాలే. కాబట్టి కారును నేరుగా చదరంలోకి తీసుకెళ్ళి ఆపితే, కోటను దాటి వచ్చేసినట్టే.

చేయాల్సింది ఇది. ముందు బెల్ఫోర్ ద్వారం దగ్గరకు వెళ్ళండి. అందులోనే వోబాన్ మ్యూజియం ఉంది. లోపల కోట నమూనా ఉంటుంది, దాని ముందు పది నిమిషాలు నిలబడి ఆకారాన్ని మనసులో పెట్టుకోండి. మ్యూజియం మూసి ఉంటే ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటోనే ఫోన్‌లో తెరిచి ఉంచుకోండి, నడుస్తూ పోల్చుకోవడానికి పనికొస్తుంది. తర్వాత కందకంలోకి దిగి ఊరి చుట్టూ నడవండి. సుమారు రెండున్నర కిలోమీటర్లు. ఆగి చూస్తూ వెళితే గంటన్నర పడుతుంది. అడుగున గడ్డి, మట్టి. వాన పడిన మర్నాడు మామూలు బూట్లు జారతాయి, అడుగు గట్టిగా పట్టేవి వేసుకోండి.

నడుస్తున్నప్పుడు వరసలు లెక్కపెట్టండి. ఊరి వైపు ఉన్నది లోపలి ప్రాకారం. దాని ఎనిమిది మూలల్లోనూ ఫిరంగి గదులున్న రాతి బురుజులు ఉంటాయి. ప్రతి బురుజుకూ ఎదురుగా, కందకానికి అవతల, విడిగా మరో పెద్ద మట్టి బురుజు. రెండు పెద్ద బురుజుల నడుమ గోడకు అడ్డంగా ఒక పొట్టి కట్ట. ఆ కట్టకు ముందు త్రికోణాకారపు దిబ్బ, దాని కడుపులో ఇంకో చిన్న దిబ్బ. వీటన్నిటికీ వెలుపల సైనికులు చాటుగా తిరిగే బాట, ఆ తర్వాత గడ్డి వాలు.

వోబాన్ తొలి పద్ధతిలో బురుజులు ప్రాకారానికి అతుక్కునే ఉండేవి. ఒక్క బురుజు పడితే ఊరు పడినట్టే. బెల్ఫోర్, లాండౌలలో రెండో పద్ధతిగా బురుజును గోడ నుంచి విడదీశాడు. బయటి బురుజు శత్రువు చేతికి చిక్కినా లోపలి గోడ నిలుస్తుంది. నఫ్-బ్రిజాక్‌ది మూడోది. లోపలి గోడనే అక్కడక్కడా మడతలుగా వంచి, అందులోంచి కూడా కందకంలోని శత్రువును పక్క నుంచి కాల్చే ఏర్పాటు చేశాడు. ఈ పద్ధతిలో పూర్తిగా కట్టిన ఊరు ప్రపంచంలో ఇదొక్కటే. 2008లో యునెస్కో వోబాన్ కోటలను పన్నెండింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇదీ అందులో ఉంది. బిట్ష్ లేదు.

అలాగని బిట్ష్‌ను చిన్నచూపు చూడకూడదు. యుద్ధంలో నిలబడి చూపించింది అదే. 1870లో ప్రష్యా సేనలు వచ్చినప్పుడు నఫ్-బ్రిజాక్ నవంబరు 10న లొంగిపోయింది. ముందుగా రైన్ వైపు కాపలాగా ఉన్న ఫోర్ మోర్తియే అనే చిన్న కోట పడింది. దూరం నుంచి కొట్టే కొత్త ఫిరంగుల గుండ్లు కందకాలన్నిటి మీదుగా నేరుగా ఇళ్ళ మీద పడ్డాయి. ఇన్ని వరసలూ దగ్గరికి వచ్చే శత్రువు కోసం కట్టినవి కదా. బిట్ష్‌లో కమాండర్ తెసియే సుమారు 230 రోజులు కోటను పట్టుకుని ఉన్నాడు. కింద ఊరు కాలిపోయినా, ఇసుకరాతి కొండను తొలిచిన సొరంగాల్లో దండు బతికింది. యుద్ధవిరామం కుదిరిన తర్వాతే, 1871 మార్చి చివర్లో, సైనిక గౌరవంతో బయటికి నడిచింది.

ఆ సొరంగాల్లోనే ఇప్పుడు ముట్టడి కథను చెవికి హెడ్‌సెట్ పెట్టి, గది గదికీ తెరల మీద చూపిస్తారు. పైన ప్రార్థనా మందిరంలో 1794 నాటి బిట్ష్ నమూనా ఉంది, తప్పక చూడాలి. సొరంగంలో ఎండాకాలంలోనూ చలే, స్వెటర్ ఉండాలి. వాన రోజైనా, కథగా చెబితే తప్ప కదలని పిల్లలు వెంట ఉన్నా, బిట్ష్ మేలు. కారుంటే ఇంకా మేలు, ఎందుకంటే కొద్ది కిలోమీటర్ల దూరంలోనే సిమ్‌జెర్‌హోఫ్ ఉంది. అది జర్మనీ దాడిని ఆపడానికి ఫ్రాన్స్ కట్టుకున్న 1930ల మాజినో రేఖలోని పెద్ద భూగర్భ కోటల్లో ఒకటి. 18వ శతాబ్దపు కోటనూ 20వ శతాబ్దపు కోటనూ ఒకే రోజు చూడొచ్చు.

కారు లేకపోతే మాత్రం బిట్ష్ కష్టం. 2011 నుంచి ఆ ఊరికి రైలు లేదు. జార్‌బ్రూకెన్ నుంచి ట్రామ్‌లో సార్‌గమీన్ దాకా వెళ్ళి అక్కడ బస్సు పట్టుకోవాలి. సిమ్‌జెర్‌హోఫ్‌కు ఆ తర్వాత ఇంకో ప్రయాణం. బిట్ష్ కోటకూ సిమ్‌జెర్‌హోఫ్‌కూ టికెట్ కొనాలి, చలికాలంలో రెండూ మూసేస్తారు.

ఫ్రాన్స్‌లోని మరో రెండు కోట ఊళ్ళు రోక్రువా, మోన్-లూయీల గురించీ అడుగుతుంటారు. బెల్జియం సరిహద్దు దగ్గరి రోక్రువాది ఐదు కొమ్ముల నక్షత్రం. 1643 మే 19న ఫ్రెంచి సేన స్పెయిన్ సేనను ఓడించిన చోటు. దారిలో పడితే ఆగండి, పనిగట్టుకుని వద్దు. మోన్-లూయీ పిరనీ కొండల్లో 1,600 మీటర్ల ఎత్తున ఉంది. ఊరు ముచ్చటైనదే, కానీ జర్మనీ నుంచి ఒక్క రోజులో అయ్యే పని కాదు.

నఫ్-బ్రిజాక్‌కు వెళ్ళాలంటే ఫ్రైబుర్గ్ నుంచి బ్రైజాక్‌కు రైలు ఉంది, దాదాపు అరగంట. జర్మనీ నెలవారీ పాసైన డాయిచ్‌లాండ్ టికెట్ అక్కడి దాకా చెల్లుతుంది. స్టేషన్ దగ్గర కొల్మార్ వెళ్ళే బస్సు ఎక్కితే అది నఫ్-బ్రిజాక్ మీదుగానే పోతుంది. దానికి టికెట్ వేరే ఉంటుందనుకుని యూరోలు చిల్లరగా ఉంచుకోండి. ఆదివారం బస్సులు బాగా తగ్గిపోతాయి కాబట్టి శనివారమే పెట్టుకోండి. బస్సు తప్పితే బ్రైజాక్‌కు వెనక్కి నడక ఐదు కిలోమీటర్ల పైమాటే, నీళ్ళ మీద రెండు వంతెనలు దాటాలి. జర్మనీ 2024 సెప్టెంబరులో తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు మొదలుపెట్టింది. పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ రెండూ అసలువే జేబులో ఉండాలి. ఫోన్‌లో ఉన్న ఫొటో చాలదు.