గేర్ల సైకిలు: వెనక ఇరుసు మీద ఒక ఫిర్యాదు

గేర్ల సైకిలు కొనడానికి వెళ్ళినవాళ్ళు దుకాణంలో ముందు చక్రం దగ్గరి స్ప్రింగు ఫోర్కును నొక్కి చూస్తారు, డిస్కు బ్రేకులను తడిమి చూస్తారు, గేర్లు ఎన్నో అడుగుతారు. వెనక చక్రం మధ్యలో ఉండే ఇరుసును మాత్రం ఎవరూ చూడరు, చూద్దామన్నా అది బయటికి కనబడదు. అలాంటి చవక మౌంటెన్ బైకు ఒకటి 11 వేల చిల్లరకు కొని, మూడేళ్ళకు పైగా పనికీ అంగడికీ దాని మీదనే తిరుగుతున్న నాకు, రాయవలసినది ఏమైనా ఉందంటే ఆ ఇరుసు గురించే ఉంది. మిగతా భాగాల మీద నాకు పెద్ద కోపం లేదు, కొన్నింటి మీద ఇష్టం కూడా ఉంది.

నా ఇల్లు నల్లగొండలో రామగిరి వైపు, నా పని పానగల్లు దాటిన తరువాత వచ్చే ఒక ఊళ్ళో. గడియారం సెంటరు రద్దీలోంచి బయటపడేదాకా ఏ సైకిలైనా ఒకటే, తేడా తెలిసేది ఉదయ సముద్రం దగ్గరికి వచ్చాకే. మృగశిర కార్తె ప్రవేశించిందంటే సాయంత్రం ఇంటికి మళ్ళే వేళకు పడమటి గాలి ఎదురు రొమ్మున కొడుతుంది. మా నాన్న తన నల్ల సైకిలు మీద ఇలాంటి గాలిలో దిగి నడిపించుకుంటూ రావడం నేను చూశాను, ఎందుకంటే దానికి ఉన్నది ఒకటే గేరు. ఈ బండికి ముందు మూడు, వెనక ఏడు పళ్ళచక్రాలున్నాయి. ముందు 24 పళ్ళ చిన్న చక్రం మీద, వెనక 28 పళ్ళ పెద్ద చక్రం మీద చైను పడితే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం పూర్తి చుట్టు కూడా తిరగదు. వేగం నడకకంటే కొంచెమే ఎక్కువ ఉంటుంది గాని, మోకాళ్ళకు శ్రమ తెలియకుండా ఎంత గాలికైనా ఎదురు పోవచ్చు. నేను ఈ సైకిలును ఇంతకాలం వదలకపోవడానికి మొదటి కారణం ఆ ఒక్క గేరే.

లావు టైర్ల వల్ల కూడా నాకు మేలే జరిగింది. యాసంగి కోతలప్పుడూ వానకాలం కోతలప్పుడూ మా దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచు వెంబడి రాళ్ళు పేర్చుతారు. ఎదురుగా లారీ వస్తే రోడ్డు దిగి మట్టి మీదికి పోవడం తప్ప వేరే దారి ఉండదు. సన్న టైరు అక్కడ జారుతుంది, ఇది జారదు. సర్కారు తుమ్మ ముల్లు ముందు మాత్రం లావైనా సన్నమైనా ఒకటే అని ఒప్పుకోవాలి.

పంచరు విషయంలోనే నేను అనుకోని ఒక సుఖం దొరికింది. ఈ ట్యూబుకు ఉన్నది మోటారుసైకిలు ట్యూబుకు ఉండే రకం వాల్వు. సైకిలు పంపు పెట్టుకుని కూర్చునే దుకాణాలు పట్టణంలో ఒక్కొక్కటే మూతపడుతున్న ఈ కాలంలో, దారి మీద ఏ పంచరు కొట్టులోనైనా, ఏ పెట్రోలు బంకులోనైనా ఆగి గాలి పట్టించుకోగలగడం చిన్న విషయం కాదు. బంకులో పిల్లవాడు అలవాటుగా మోటారుసైకిలుకు పెట్టే 30 దగ్గరే ఆపేస్తాడు గనక, టైరు పక్కన అచ్చువేసిన అంకె చూపించి మరికొంత ఎక్కించమని మనమే చెప్పుకోవాలి.

ఇక ఇరుసు సంగతి. కొన్న మరుసటి ఏడాదే చిన్న చిన్న లక్షణాలు కనబడసాగాయి. వెనక డిస్కు ఒకచోట రాసుకుంటూ సన్నగా గీకేది. గేరు తనంతట తాను ఒక పన్ను కిందికి దిగేది. వెనక నుంచి చూస్తే టైరు ఫ్రేము మధ్యలో కాకుండా ఒక పక్కకు ఒరిగినట్టు ఉండేది. ఉచిత సర్వీసు పేరుతో కొన్నచోటికి తీసుకుపోయిన ప్రతిసారీ అక్కడి కుర్రవాళ్ళు గేరు తీగె బిగించి, బ్రేకు కొంచెం వదులు చేసి పంపించేవారు. వారం పదిరోజులు బాగుండి, మళ్ళీ అదే చప్పుడు మొదలయ్యేది. చక్రం విప్పి లోపల ఏముందో చూద్దామని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. సైకిలు అమ్మేవాళ్ళకు సైకిలు బాగుచేయడం రావాలన్న నియమం మన ఊళ్ళలో లేదేమో.

ఒకరోజు అత్తగారి ఊరి నుంచి పానగల్లు దాకా ఆటోలో వచ్చిన 25 కిలోల సన్నబియ్యం సంచిని క్యారియరు మీద కట్టుకుని ఇంటికి వస్తున్నాను. ఛాయా సోమేశ్వరాలయానికి పోయే మలుపు దాటిన తరువాత ఒక స్పీడు బ్రేకరు మీద వెనక చక్రం దిగగానే టక్కుమని శబ్దం వచ్చింది. ఆ వెంటనే పెడలు బరువెక్కి, వెనక టైరు ఫ్రేము ఎడమ కమ్మికి ఆనుకుని కదలడం మానేసింది. దిగి చూస్తే చక్రం చోటు వదిలి ఊడలేదు, నట్లు రెండూ బిగువుగానే ఉన్నాయి, అయినా చక్రం మాత్రం వంకరగా ఒరిగి ఉంది. నెట్టుకుంటూ పోదామన్నా తిరగదు. సంచిని తెలిసినవాళ్ళ ఇంట్లో దింపి, వెనక భాగాన్ని చేత్తో ఎత్తిపట్టుకుని, ముందు చక్రం మీద నడిపించుకుంటూ పట్టణంలోకి వచ్చాను. ఈ బండి బరువు ఎంతో నాకు సరిగా తెలిసివచ్చింది ఆ రోజే.

నాన్న సైకిలును ఏళ్ళ తరబడి చూసిన పెద్దాయన ఒకరు ఇంకా దుకాణం తెరిచే ఉన్నారు. ఆయన నట్లు విప్పి చక్రాన్ని బయటికి లాగగానే ఇరుసు రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. ‘ఇరుసు ఇరిగింది సారూ. గిది ఇయ్యాల ఇరిగింది గాదు, ఎన్నడో వంగి, ఇయ్యాల తెగింది’ అని ఆయన విరిగిన చోటు చూపించారు. సగం మేర తుప్పు పట్టి నల్లబడి ఉంది, మిగతా సగం మాత్రం అప్పుడే తెగినట్టు మెరుస్తోంది. తన దగ్గరున్న నల్ల సైకిలు ఇరుసు పెట్టి చూశారు గాని పొడవు చాలలేదు. ఈ రకం సైకిళ్ళలో వెనక ఇరుసు చివరలు కూర్చునే ఫ్రేము చీలికలు రెండింటి మధ్య ఎడం 135 మిల్లీమీటర్లు, పాత సైకిళ్ళలో అంతకంటే తక్కువ. ‘గిసొంటిది మా దగ్గర దొరకది, పట్నం పోవాలె’ అన్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆయన చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. నల్ల సైకిలుకు వెనక ఉండేది ఒకటే పళ్ళచక్రం కనుక ఇరుసును మోసే బేరింగు ఫ్రేముకు దగ్గరగానే ఉంటుంది. చవక గేర్ల సైకిలులో, పెడలు ఆపినా వెనక చక్రాన్ని తిరగనిచ్చే ఏడు చక్రాల ఫ్రీవీల్‌ను హబ్బు మీద, అంటే చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే గొట్టం మీద, మరలాగా బిగిస్తారు. ఆ ఏడింటికీ చోటివ్వడానికి కుడివైపు బేరింగు బాగా లోపలికి జరిగిపోతుంది, దాంతో బేరింగుకూ ఫ్రేముకూ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల ఇరుసు ఏ ఆధారమూ లేకుండా మిగులుతుంది. గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన దూలం చివర బరువు వేలాడదీసినట్టే ఇది కూడా. ఇరుసు మందం చూస్తే 10 మిల్లీమీటర్లకు మించదు. గుంతలు, స్పీడు బ్రేకర్లు, క్యారియరు మీది బరువు కలిసి దాన్ని కొద్దికొద్దిగా వంచుతాయి. ఫ్రేము చీలికలు రెండూ ఒకదానికొకటి సరిగా సమాంతరంగా లేకపోతే, బరువేమీ వేయకపోయినా నట్లు బిగించడంతోనే ఆ వంపు మొదలవుతుంది.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసినదేమీ కాదు. తిరిగే భాగాన్ని హబ్బులోనే కలిపేసి, కుడి బేరింగును ఫ్రేము పక్కకు జరిపిన క్యాసెట్ హబ్బును జపానుకు చెందిన షిమానో కంపెనీ 1978లోనే తెచ్చింది. నా కోపమంతా అక్కడే ఉంది. ఈ ధరలో రెండేళ్ళు తిరక్కుండానే బిగుసుకుపోయి ఉత్త బరువుగా మిగిలే స్ప్రింగు ఫోర్కు ఇస్తారు, కొండలు ఎక్కుతున్న బొమ్మ వేస్తారు, మనిషి బరువులో ఎక్కువ భాగం మోసే చోట మాత్రం పాతకాలపు మర ఫ్రీవీల్ పెడతారు. ఆ ఫోర్కు డబ్బును హబ్బు మీద పెట్టి ఉంటే ఈ సమీక్ష వేరేగా ఉండేది. ఫ్రేముకు వారంటీ ఉంది గాని ఇరుసుకు లేదని అమ్మినచోట తేల్చి చెప్పారు.

హైదరాబాదు బస్సెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, వెతికి తెచ్చిన కొత్త ఇరుసు కూడా ఏడాది గడవకముందే వంగింది. ఈసారి లక్షణాలు తెలుసు కనుక తెగేదాకా ఆగలేదు. క్యాసెట్ హబ్బు కొని, పెద్దాయన చేతనే పుల్లలు వేయించి, కొత్త వెనక చక్రం కట్టించాను. హబ్బు ఎనిమిది చక్రాలకు సరిపోయేది, నేను వేయించినది ఏడు చక్రాల క్యాసెట్టు, మధ్యలో ఒక వాషరు పడింది. పళ్ళచక్రాల మధ్య ఎడం మారలేదు కనుక గేరు తీగె గాని మీట గాని మార్చవలసిన పని లేకపోయింది. అన్నీ కలిపి సైకిలు వెలలో దాదాపు మూడో వంతు ఖర్చయింది. అప్పటినుంచి డిస్కు గీకడం లేదు, గేరు తనంతట తాను జారడం లేదు.

అంతమాత్రాన మిగతా భాగాలన్నీ సలక్షణంగా ఉన్నాయని కాదు. పైన టైర్లను మెచ్చుకున్నాను గాని, వాటి లోతైన గట్లు తారురోడ్డు మీద రొదపెడుతూ కాళ్ళ బలమంతా తాగేస్తాయి. అవి అరిగాక నున్నటి రకం వేయించుకుంటే సగం శ్రమ తగ్గింది, మట్టి మీద పట్టు కూడా కొంత తగ్గింది. నాన్న సైకిలు కడ్డీ బ్రేకులు వానలో ఎప్పుడూ మోసం చేసేవి, ఈ తీగె డిస్కు బ్రేకులు చెయ్యవు. అయితే వాటిని తరచు సరిచేసుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. 21 గేర్లలో నేను నిత్యం వాడేవి నాలుగైదే. మడ్‌గార్డులు, స్టాండు, గంట, లైటు అన్నీ విడిగా కొన్నవే.

దేవరకొండ నుంచి మా బావమరిది ఫోను చేసి ‘బావా, నేను కూడా అదే తీసుకోనా?’ అని అడిగాడు. అతను రోజూ పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకుని పోయే మనిషి కనుక నల్ల సైకిలే కొనుక్కోమన్నాను. కాలేజీకి పోయే అతని కొడుకుకైతే, వీపుకు తగిలించుకునే సంచి తప్ప వేరే బరువు ఉండదు కనుక, ఇది సరిపోవచ్చునన్నాను. కొనే ముందు వెనక చక్రం పళ్ళను చేత్తో వెనక్కి తిప్పి, వాటి మధ్యలో పానా పట్టే గాడి కూడా పళ్ళతోపాటు తిరుగుతోందో లేదో చూడమన్నాను. తిరిగితే క్యాసెట్టు, కదలకుండా ఉంటే మర ఫ్రీవీల్. ఆ ధరలో అది తిరిగే బండి దొరుకుతుందని నాకు పెద్దగా ఆశ లేదు. దొరక్కపోతే దానికి క్యారియరు బిగించవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాను.